చెంబులో పూలు పెట్టి బొమ్మ వేయించాలంటే ఏవి కొనాలి: పేస్టల్సా, నీటిరంగులా, కాగితం ముక్కలా?

నలభై మంది పిల్లలు, 40 నిమిషాల పీరియడు, ఒక బకెట్ నీళ్లు. అనంతపురం చుట్టుపక్కల ప్రాథమిక బడుల్లో బొమ్మల క్లాసుకు దొరికేవి దాదాపు ఇవే. ఎదురుగా చెంబులో పూలు పెట్టి, పిల్లలు వాటిని చూసి వేయాలి. సామానుకు ఉన్న డబ్బు మాత్రం ఒక్క రకానికే సరిపోతుంది. స్టేషనరీ అంగడికి పోతే ఆయన ముందుగా చూపించేది నీటిరంగుల డబ్బా. చాలామంది అదే తెచ్చుకుంటారు, రెండో వారానికల్లా అది బీరువా ఎక్కుతుంది.

కొనేముందు తేల్చుకోవలసిన మొదటి సంగతి, ఆ 40 నిమిషాల్లో పిల్లవాడు పువ్వును చూసేదెంతసేపు అని. పంచడం, నీళ్లు మార్చడం, తుడవడం, కడగడం, అన్నీ పోగా మిగిలే సమయమే అసలు పాఠం. పెట్టి గీయించే బొమ్మలో నేర్పేది రంగు పూయడం కాదు. ఏ పువ్వు దేని వెనక ఉంది, ఏ రేకు అంచు మాత్రమే కనబడుతోంది, చెంబు ఎటువైపు మెరుస్తోంది అని పట్టుకోవడం. దాని తర్వాతే నీళ్లు, చేతి బలం, తప్పు దిద్దుకునే వీలు, ఏటా మళ్లీ పెట్టాల్సిన ఖర్చు. అందంగా వస్తుందా లేదా అన్నది ఈ లెక్కలో చివరన పెట్టండి. వార్షికోత్సవానికి గోడ మీద అంటించడానికైతే వేరే దారి ఉంది, అది కింద వస్తుంది.

ముందు పూల సంగతి

సామగ్రి కన్నా ముందు పూలు ఎంచుకోవాలి, ఎందుకంటే పువ్వును బట్టే రంగు మారుతుంది. మన మార్కెట్లో బంతి, చామంతి విడిపూలుగా అమ్ముతారు, కాడలుండవు. పావు కిలో బంతి కొంటే తరగతికి మించి వస్తాయి గానీ చెంబులో వేస్తే మునిగిపోతాయి. దీనికి పుల్లల చీపురు చాలు. పువ్వు అడుగున ఉన్న ఆకుపచ్చ గిన్నెలోకి పుల్లను ఒక అంగుళం గుచ్చితే కాడ తయారు. పెద్ద బంతికి ఒక పుల్ల చాలదు, తల వాలిపోతుంది, రెండు గుచ్చాలి. చెంబులో సగం దాకా ఇసుక పోసి నీళ్లు చిలకరిస్తే పుల్లలు ఎటు పెడితే అటు నిలబడతాయి. ఆకులకు కానుగ రెమ్మలు మేలు. ఆకు వెడల్పు, మెరుపు ఉంటుంది, పీరియడు అయ్యేదాకా వాడదు. వేపరెమ్మ చూడ్డానికి బాగుంటుంది కానీ అన్ని చిన్న ఆకులు చూసి రెండో తరగతి పిల్లవాడు చేతులెత్తేస్తాడు.

చూసి వేయడానికి అన్నిటికన్నా సులువైనది మందారం. అయిదు రేకులు, మధ్యలోంచి పొడుచుకొచ్చిన ఒక కాడ. ఏ పక్కనుంచి చూసినా ఆకారం స్పష్టం. కానీ ఒక్కరోజు పువ్వు. పొద్దున తెచ్చి మొదటి రెండు పీరియడ్లలోనే వాడుకోవాలి. ఒంటిపూట బడుల రోజుల్లో పది దాటితే అంచులు ముడుచుకుంటాయి. బంతిలో రేకులు లెక్కపెట్టలేం, కనుక అది ముద్దను ముద్దగా చూడడం నేర్పుతుంది. మూడో తరగతి దాటినవాళ్లకు ఇవ్వండి. పొద్దుతిరుగుడు దొరికితే వదలకండి: పెద్దది, కాడతో వస్తుంది, మధ్యభాగం, రేకులు విడివిడిగా ఉంటాయి. తల బరువుకు చెంబు పడిపోతుంది కాబట్టి ఇసుక బదులు కంకర వేయాలి. రోడ్డు పక్క తంగేడు ఖర్చులేనిది, కొమ్మతో వస్తుంది. కోయగానే నీళ్లలో పెట్టకపోతే బడికి చేరేలోపే వాడుతుంది. మల్లె, కనకాంబరం ఈ పనికి చిన్నవి. గన్నేరు, ఉమ్మెత్త తేవద్దు. రెండూ విషమే, పిల్లలు పువ్వు ముట్టుకున్న చేతితోనే నోరు తుడుచుకుంటారు.

ప్లాస్టిక్ పూలు పెట్టవచ్చా? ఏప్రిల్లో పెట్టవచ్చు, అంతకుముందు వద్దు. వాటి రేకులన్నీ ఒకే అచ్చు. ఒకటి చూసిన పిల్లవాడు మిగతావి చూడకుండానే వేసేస్తాడు.

ఒక చెంబు చుట్టూ ఎనిమిది మందికి మించి కూర్చోబెట్టకూడదు. నలభై మందికి అయిదు చెంబులు, ఒక్కో దాంట్లో మూడు పూలు, రెండు రెమ్మలు. నేల మీద కూర్చునే పిల్లలకు అడుగున్నర ఎత్తు ప్లాస్టిక్ స్టూలు సరిగ్గా సరిపోతుంది, పూలు వాళ్ల కంటికి ఎదురుగా వస్తాయి. అదే చెంబును టీచరు బల్ల మీద పెడితే వాళ్లకు చెంబు పొట్టే కనబడుతుంది, పూలు పైన ఎక్కడో ఉంటాయి. అప్పుడు చూడడం మానేసి తెలిసిన పువ్వు గీసేస్తారు: గుండ్రం, చుట్టూ అయిదు రేకులు, కింద నిలువు గీత, అటొక ఆకు ఇటొక ఆకు. వెలుతురు ఒకే పక్కనుంచి రావాలి. కిటికీ తెరిచి, ఎదురు తలుపు దగ్గరకు వేయండి. ఫ్యాను తిరుగుతుంటే పూలు ఊగుతాయి.

ఒక చూపులో

| సామగ్రి | ఏ తరగతులకు | నీళ్లు | 40 నిమిషాల్లో చూసి వేయడానికి సుమారుగా మిగిలేది | తప్పు దిద్దడం |
|---|---|---|---|---|
| ఆయిల్ పేస్టల్స్ | 2 నుంచి 5 | అక్కర్లేదు | 30 నిమిషాలు | పైన వేసి కొంత కప్పవచ్చు |
| మైనపు గీత మీద నీటిరంగు | 1 నుంచి 4 | కొద్దిగా | 25 నిమిషాలు | గీత చెరపలేం |
| నీటిరంగు బిళ్లలు | 4, 5 | సగం బకెట్ | 15 నిమిషాలు | దాదాపు కుదరదు |
| పోస్టర్ రంగులు | 3 నుంచి 5 | సగం బకెట్ | 20 నిమిషాలు | ఆరాక కప్పవచ్చు |
| కాగితం ముక్కలు | 1 నుంచి 5 | జిగురుకు మాత్రం | 25 నిమిషాలు | అంటించేదాకా జరపవచ్చు |

స్కెచ్ పెన్నులు ఇందులో లేవు. అవి చుట్టుగీత గీసి లోపల నింపే అలవాటును గట్టిపరుస్తాయి తప్ప వెలుగునీడలు చూపించలేవు.

ఆయిల్ పేస్టల్స్

ఒక్కటే కొనగలిగితే ఇవే కొనండి. నీళ్లతో పనిలేదు, ఆరేదాకా ఆగక్కర్లేదు, పెట్టె మూత తెరిచిన నిమిషానికి పిల్లవాడు పనిలో ఉంటాడు. 12 రంగుల పెట్టె ఇద్దరికి ఒకటి చొప్పున నలభై మందికి 20. తెలుపు, ముదురు ఆకుపచ్చ ముందు అయిపోతాయి కాబట్టి విడిగా అమ్మే అంగడి దొరికితే ఆ రెండూ అదనంగా తీసుకోండి.

పెన్సిలుతో గీయించి తర్వాత రంగు వేయించడం అందరూ చేసేదే, కానీ పేస్టల్స్‌కు అది చేటు. పెన్సిలు గీత మీద పసుపు రుద్దితే రెండూ కలిసి మాసిన ఆకుపచ్చ అవుతుంది. బంతిపువ్వు మురికిపట్టినట్టు కనబడటానికి కారణం అదే. లేత పసుపు పేస్టల్‌తోనే తేలిగ్గా గీయించండి. గీయకముందు కాగితం మీద మూడు చుక్కలు పెట్టించాలి: అన్నిటికన్నా ఎత్తున్న పువ్వు ఎక్కడికి వస్తుంది, చెంబు మూతి ఎక్కడ, చెంబు అడుగు ఎక్కడ. ఈ చుక్కలు లేకపోతే పిల్లలు చెంబుతో మొదలుపెట్టి కాగితం సగం దానికే ఇచ్చేస్తారు, పూలకు చోటుండదు.

వేసే వరస లేత నుంచి ముదురుకు. బంతికైతే మొత్తం ముద్దకు పసుపు, దాని మీద వెలుతురు పడని పక్క నారింజ, రేకుల మధ్య లోతుల్లో కొంచెం గోధుమ. ఆ తర్వాత చీపురు పుల్లతో గానీ ఇంకు అయిపోయిన రీఫిల్‌తో గానీ పైపొరను గీకితే అడుగు పసుపు రేకుల అంచులుగా బయటపడుతుంది. పిల్లలకు అన్నిటికన్నా నచ్చే ఘట్టం అదే. మొదట్లోనే గీకుడు సంగతి చెప్పారంటే పువ్వును వదిలేసి కాగితం చిరిగేదాకా గీకుతారు. చివరి అయిదు నిమిషాల దాకా పుల్ల మీ దగ్గరే ఉంచుకోండి.

నీడకు నలుపు ఇవ్వకండి. ఎర్ర మందారానికి ఊదా, పసుపు పూలకు గోధుమ, ఆకులకు నీలం. మొదటి రెండు క్లాసులు నలుపు ముక్కలన్నీ పెట్టెల్లోంచి తీసి దాచేస్తే గొడవ ఉండదు.

మన ఎండకు ఇవి మెత్తబడతాయి. రేకుల పైకప్పు గదిలో మార్చి తర్వాత పెట్టెలు వదిలేస్తే ముక్కలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. బీరువా అడుగు అరలో, గోడకు దూరంగా ఉంచాలి. కాగితపు తొడుగు సగమే ఒలిపించండి, మొత్తం తీస్తే చేతివేడికే జారి విరుగుతాయి. కుడిచేతివాళ్లు ఎడమ పైమూల నుంచి మొదలుపెట్టి, అరచేతి కింద ఒక రఫ్ కాగితం పెట్టుకోవాలి. వేసిన బొమ్మలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే రంగు పై కాగితం వెనకకు అంటుకుంటుంది. మధ్యలో పాత నోటుపుస్తకం కాగితాలు పెట్టండి. వార్తాపత్రిక పెడితే దాని ఇంకు బొమ్మకు అంటుతుంది.

తెల్లచామంతి పెట్టిన రోజు తెల్లకాగితం ఇవ్వకండి. ముదురు నీలమో గోధుమో చార్టు కోసి ఇస్తే పువ్వు తనంతట తానే లేచి కనబడుతుంది.

మైనపు గీత మీద నీటిరంగు

మైనపు క్రేయానుతో పూలు, చెంబు గీసి, పైన పలచని నీటిరంగు ఒక్క పూత. మైనం నీటిని తోసేస్తుంది గనుక గీతలు వెలిగి, చుట్టూ రంగు పరుచుకుంటుంది. ఒకటో తరగతి పిల్లవాడి బొమ్మ కూడా నిండుగా కనబడుతుంది. వార్షికోత్సవం గోడకు ఇదే దారి.

చెడేది రెండు చోట్ల. గీత గట్టిగా ఒత్తకపోతే కాగితం కనబడే సందుల్లోంచి రంగు ఇంకిపోయి గీత మాయమవుతుంది. రంగు చిక్కగా ఉంటే మైనం మీద కూడా నిలుస్తుంది. పోస్టర్ రంగు ఒక టీస్పూనుకు ఆరు నుంచి ఎనిమిది టీస్పూన్ల నీళ్లు కలిపి, విడి ముక్క మీద వేసి చూసి, మైనం మీద బొట్లుగా విడిపోతోందంటేనే పిల్లలకు ఇవ్వండి. రంగు ఒక్కటి చాలు, నీలం గానీ లేత ఆకుపచ్చ గానీ. ఒక్కో చెంబు దగ్గర రెండు కుంచెలుంటే వంతులవారీగా వేసుకుంటారు. కుంచెతో ఒకే దిక్కుగా, ఒక్కసారే లాగాలి, మళ్లీ మళ్లీ రుద్దకూడదు.

దీని లోటు వెలుగునీడలకు చోటు లేకపోవడం. గీతలో ఉన్న ఆకారం వరకే ఇది నేర్పుతుంది. ఒకటి, రెండు తరగతులకు అది చాలు.

నీటిరంగు బిళ్లలు

వీటికి అంత పేరు ఎందుకొచ్చిందో గానీ, పెద్ద తరగతిలో వీటితో పని పడితే తెలుస్తుంది. నలభై మందికి నలుగురికో జట్టు అనుకుంటే పది జట్లు, జట్టుకు కుంచె కడిగే గ్లాసొకటి, శుభ్రమైన నీళ్లకొకటి. ఇరవై గ్లాసుల్లో వంద మిల్లీలీటర్ల చొప్పున మూడుసార్లు పోసినా ఆరు లీటర్లు. మార్చేది మీరు ఒక్కరే. ఈలోగా పైవరసలోంచి “సార్, నా పువ్వు కారిపాయె!” అని కేక.

కారడం తడి ఎక్కువైతే. మన దగ్గర దానికి ఎదురు ఇబ్బంది కూడా ఉంది: పొడిగాలికి పూత చివరికి చేరేలోపే మొదలు ఆరిపోతుంది. తడి, పొడి కలిసిన చోట గట్టి గీత పడుతుంది, దాన్ని పోగొట్టాలని పిల్లవాడు రుద్దుతాడు, కాగితం పొట్టు లేస్తుంది. కాబట్టి నీటిరంగు వేయిస్తే పొద్దున మొదటి పీరియడ్‌లో, ఎండ పడని వైపు, కాగితం మీద చెంబు వెనక గోడ వచ్చే చోటును ముందు మామూలు నీళ్లతో తడిపించి వేయించండి. జిరాక్స్ కాగితం అసలు వద్దు, తడవగానే అలలు తేలుతుంది. మందమైన డ్రాయింగ్ షీటు, నాలుగు మూలలా టేపు, ఆరో నంబరు గుండ్రటి కుంచె. బిళ్ల మీద రెండు చుక్కల నీళ్లు వేసి ఒక నిమిషం నానబెట్టాలి. పొడి బిళ్ల మీద రుద్దితే కుంచె వెంట్రుకలు ఊడతాయి, రంగు రాదు.

పదిహేను మందికి లోపు ఉన్న తరగతికి, నాలుగు, అయిదు చదివేవాళ్లకు, వారానికి రెండు పీరియడ్లు వరసగా దొరికితే నీటిరంగు పెట్టుకోండి. అప్పుడు దానికి సాటి లేదు. మందారం రేకు ఎరుపు అంచు దగ్గర పలచబడడం ఇంకే రంగులోనూ అంత బాగా రాదు.

పోస్టర్ రంగులు

మందమైన రంగు, కింది పొరను కప్పుతుంది. చెంబు మీద మెరుపు తెల్లచుక్క చివర్లో పెట్టవచ్చు, నీటిరంగులో కుదరదు. మరీ చిక్కగా వేస్తే ఎండకు ఆరి పగిలి రాలుతుంది, పెరుగంత పలచన సరైనది. సీసా మూతలు బిగించకపోతే సెలవుల తర్వాత గట్టిపడి కనబడతాయి. ఖర్చు ఏటా మళ్లీ పడుతుంది.

బెండకాయ కోసి రంగులో ముంచి పూలముద్రలు వేయించడం చాలా బడుల్లో ఇష్టంగా చేస్తారు. సరదా పనే. కానీ అందులో ఎదుటి పువ్వును చూసే పని లేదు. పూల నమూనా వేరు, పువ్వు బొమ్మ వేరు. హిందూపురం దగ్గరి లేపాక్షి గుడిలో లతామండపం స్తంభాల మీద చెక్కిన పూలతీగలు చీర అంచుల్లోకి కూడా ఎక్కాయి. అవి నమూనాలు, ఒకే రూపం మళ్లీ మళ్లీ తిరుగుతుంది. ముగ్గులతో పెరిగిన మన పిల్లల చేతికి నమూనా ఎలాగూ వచ్చు. చెంబులో పూలు పెట్టి కూర్చోబెట్టింది పువ్వు బొమ్మ కోసం.

కాగితం ముక్కలు

ఒకటో తరగతి నుంచి అయిదు దాకా ఒకే గదిలో, ఒకే టీచరు దగ్గర కూర్చునే బడికి ఇదే సరైనది. చిన్నవాళ్లు చేత్తో చింపుతారు, పెద్దవాళ్లు కత్తిరిస్తారు, సామగ్రి ఒకటే. పాత పెళ్లిపత్రికలు, క్యాలెండరు కాగితాలు, రంగు చార్టు మిగుళ్లు సరిపోతాయి. బాగా నున్నగా ఉన్న పత్రిక కాగితం పిండిజిగురు పట్టదు, అంచులు లేచిపోతాయి.

జిగురు బడిలోనే చేసుకోవచ్చు. రెండు చెంచాల మైదాను పావు గ్లాసు చల్లనీళ్లలో ఉండలు లేకుండా కలిపి, గ్లాసు మరిగే నీళ్లలో పోస్తూ కలుపుతుంటే రెండు నిమిషాల్లో పారదర్శకంగా చిక్కబడుతుంది. మన వేడికి మర్నాటికే పులుస్తుంది, ఏ రోజుది ఆ రోజే. కొందరు నిల్వకు మైలుతుత్తం వేస్తారు. అది విషం, పిల్లల దగ్గర పనికిరాదు.

ఈ పద్ధతి ఒక విషయాన్ని మిగతా అన్నిటికన్నా బాగా నేర్పుతుంది: ఏది వెనక, ఏది ముందు. అంటించే వరస అదే గనుక పిల్లవాడు తప్పించుకోలేడు. గోడ, స్టూలు మొదట, తర్వాత చెంబు, ఆకులు, వెనక పువ్వు, చివరగా ముందు పువ్వు. జిగురు లేకుండా అన్నీ పేర్చి, పైనుంచి ఒకసారి చూసి, జరిపి, అప్పుడే అంటించాలి. ఫ్యాను తప్పనిసరిగా ఆపాలి. జిగురు ముక్క మొత్తానికి పూస్తే కాగితం చుట్టుకుంటుంది, అంచులకు మాత్రమే పూయాలి. చిన్నపిల్లలు గోరంత ముక్కలు చింపి పీరియడంతా దానికే ఖర్చు చేస్తారు. అంత చిన్న ముక్కలు వద్దని ముందే చెప్పండి.

బంతికి ఆరు, నాలుగు, రెండు సెంటీమీటర్ల గుండ్రాలు మూడు, అంచులు చిన్నగా చింపి, పెద్దదాని మీద చిన్నది. పక్కకు తిరిగిన బంతికి ఇది కుదరదు, అప్పుడు గుండ్రాన్ని సగానికి మడిచి అంటించాలి. ఆ తేడాను పిల్లవాడు తనే కనిపెడితే పాఠం అందినట్టే.

మరి మీకేది

పెద్ద తరగతి, విడి పీరియడు ఉంటే పేస్టల్స్. ఒకే టీచరున్న బడికి కాగితం ముక్కలు, రెండు నెలలకోసారి మైనపు గీత. డ్రాయింగ్ టీచరు ఉన్న ప్రైవేటు బడుల్లో నాలుగు, అయిదు తరగతులకు నీటిరంగు, మిగతావాళ్లకు పేస్టల్స్. ఇంట్లో ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టే తల్లిదండ్రులకు పోస్టర్ రంగులు కూడా ఫరవాలేదు, కడిగేది రెండు కుంచెలే కదా. చేతులు కడగడానికి కుళాయి లేని బడిలో పేస్టల్స్ వేయిస్తే పిల్లలు ఆ చేతులు యూనిఫాంకు తుడుస్తారు, ఇంటి నుంచి మాట వస్తుంది. జట్టుకొక పాత పంచె ముక్క తడిపి ఇవ్వండి.

రంగులేవీ కొనలేని నెలలో బోర్డు మీద రాసే రంగు సుద్దముక్కలు కూడా పని చేస్తాయి. నాలుగు చెంచాల చక్కెర కలిపిన గ్లాసు నీళ్లలో అయిదు నిమిషాలు నానబెట్టి, ముదురు చార్టు మీద వేస్తే దుమ్ము తక్కువ, రంగు ముదురు. ఎక్కువసేపు నానితే చేతిలోనే విరుగుతాయి.

నలభై మందికి మొదటిసారి కొనేటప్పుడు: పేస్టల్ పెట్టెలు 20, డ్రాయింగ్ షీట్లు తలకు రెండు, ముదురు చార్టులు 5, పుల్లల చీపురు ఒకటి, ఇసుక ఒక బకెట్. చెంబులు కొనద్దు, వంటగదిలో అడిగితే ఇత్తడివో స్టీలువో దొరుకుతాయి. మాసిన ఇత్తడి మేలు, మరీ తోమిన స్టీలులో గది అంతా కనబడి పిల్లలు తమ ముఖాలు వేసుకుంటారు. పెళ్లిపత్రికలు మాత్రం ముహూర్తాల నెలల్లోనే అడిగి పెట్టుకోండి, జూన్లో బడి తెరిచాక వెతికితే ఎవరింట్లోనూ ఉండవు.